సలసియా కారులో పాటల పెట్టె

తైపింగ్ ఊళ్లో ఏ వీధికి వెళ్లినా సలసియా చేతుల మీద పుట్టినవాళ్లు ఒకరో ఇద్దరో తగులుతారు. చేపల బజారులో ఆమె బేరమాడుతుంటే, అటువైపు కత్తి పట్టుకుని నిలబడ్డవాడు ఒకప్పుడు ఆమె చేత బొడ్డు కోయించుకున్నవాడే అయివుంటాడు. "ఒరే, నువ్వు కాళ్లు ముందు పెట్టి వచ్చినవాడివి. అప్పుడు మీ అమ్మని ఏడిపించావు, ఇప్పుడు నన్ను ఏడిపించకు" అని అందరూ వినేలా అనేస్తుంది. వాడు చెవులదాకా ఎర్రబడి మంచి చేప తీసి ఇస్తాడు. ఆమె మంత్రసానిగా ఉన్న ప్రభుత్వ క్లినిక్‌లోనే నేను మందులిచ్చే కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. అందుకని ఆమె సంగతులు నాకు బాగా తెలుసు.

ఆమెకు ఒక మారిస్ మైనర్ కారు ఉంది. వయసులో మా ఇద్దరికంటే కాస్త పెద్దది. బాతుగుడ్డు రంగు, గుండ్రటి వీపు. మలుపు తిరిగేటప్పుడు దీపం మిణుకుమనదు, తలుపు పక్క స్తంభంలోంచి చిన్న చెయ్యిలాంటి రేకు పైకి లేచి దారి చూపిస్తుంది. అడవిశాఖలో పనిచేసిన ఆమె భర్త జైనీ దాన్ని ప్రాణంలా చూసుకునేవాడు. ఆయన పోయాక ఆ పని ఆమె మీద పడింది. క్లినిక్ జీపు మూలన పడ్డ రోజుల్లో నొప్పులు పడే ఆడవాళ్లను ఆస్పత్రికి చేర్చింది ఆ కారే.

ఉద్యోగ విరమణ అయ్యాక ఆమెకు కొత్త పని దానంతటదే వచ్చిపడింది. ఆమె చేతిలో పుట్టిన ఒక కుర్రాడు తన పెళ్లికి ఆ కారులోనే ఊరేగుతానని పట్టుబట్టాడు. ముందు బంపరుకు రిబ్బను కట్టి, తలకు తెల్ల ముసుగు చుట్టుకుని, ఆమే నడిపింది. ఆ ఫొటోలు ఊరంతా చూశారు. అప్పటినుంచి పెళ్లిళ్ల కాలం వస్తే ఆమె ఇంటి ముందు చెప్పుల జతలు పెరిగేవి.

ఒకరోజు మర్జానా వచ్చింది. ఈ పిల్ల ఆ కారులోనే పుట్టింది. ఆ రోజు కుండపోత వాన. తల్లి రోస్మాను మతాంగ్ వైపు నుంచి ఆస్పత్రికి తీసుకొస్తుంటే రైలు గేటు పడింది. గూడ్సు బండి ఎంతకీ కదలలేదు. పిల్ల ఆగలేదు. వెనక సీటు మీదే కేరుమంది.

"మక్చిక్, నా పెళ్లి ఊరేగింపు మీ కారులోనే. కానీ పాటలు ఉండాలి" అంది మర్జానా. మక్చిక్ అంటే పిన్నిలాంటి పిలుపు. ఊళ్లో చిన్నవాళ్లందరూ సలసియాను అలాగే పిలుస్తారు.

"కారులో పాటలెందుకే? డప్పులవాళ్లు ముందు నడుస్తారుగా."

"డప్పులు హాలు దగ్గరే కదా. మా ఇంటి నుంచి హాలు దాకా? మొన్న మా స్నేహితురాలు మీ కారులో వెళ్లింది. ఎవ్వరూ మాట్లాడకుండా బిగుసుకుని కూర్చున్నారట. శవం బండిలో వెళ్లినట్టుంది అంది."

ఆ మాట అన్నాక పిల్ల నాలుక కరుచుకుంది. సలసియా నవ్వేసి, పసుపు వేసిన జిగురన్నం పెట్టి పంపింది. కానీ ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి, "నా కారు శవం బండిలా ఉందా? నిజం చెప్పు" అని అడిగింది. లేదన్నాను. ఆమె నమ్మలేదు.

మరుసటి వారం కారును పెద్దరోడ్డు మీద కార్లకు పాటల సెట్లు బిగించే దుకాణానికి తీసుకెళ్లింది. ఫౌజీ అనే అతను చూశాడు. ఇద్దరు పిల్లల తండ్రి, పనిమంతుడు, మర్యాదస్తుడు. కొత్త బండ్లలో వందల సెట్లు బిగించినవాడు. ఇంత పాత బండి అతని చేతికి రావడం అదే మొదలు. కారు డాష్‌బోర్డు పలక కింద కొత్త సెట్టు అమర్చి, ఎర్ర తీగను బ్యాటరీ ప్లస్‌కు, నల్ల తీగను మైనస్‌కు కలిపాడు. సెట్టు ఇనుప డబ్బాను కారు ఒంటికి ఆనించి మర బిగించాడు.

అంతే, పలక వెనక చిటచిటమంది. వెంటనే పాత గుడ్డ కాలుతున్న వాసన. ఆ కాలపు తీగలకు పైన రబ్బరు, దానిపైన నేసిన నూలు తొడుగు ఉంటుంది. ఆ నూలు నిప్పంటుకున్న ఒత్తిలా కాలుతూ లోపలికి పోయింది. ఫౌజీ పరుగున వెళ్లి బ్యాటరీ తీగ పీకాడు. అప్పటికే ముందు పలక వెనక ఉన్న తీగల కట్ట సగం బొగ్గయింది.

"మక్చిక్, ఏం జరిగిందో నాకు తెలియట్లేదు. ఒట్టు, ప్లస్ ప్లస్‌కే ఇచ్చాను" అన్నాడు ఫౌజీ. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

సలసియా వంగి నల్లబడ్డ తీగలను చూసింది. బిడ్డ అడ్డం తిరిగినప్పుడు కేకలు వేస్తే లాభం లేదని తెలిసిన మనిషి కదా. "నాకూ తెలియదు బాబూ. తెలిస్తే నేనే చెప్పేదాన్నిగా. ముందు దీన్ని ఇంటికి చేర్చు" అంది. ఫౌజీ తన బండికి తాడు కట్టి లాక్కొచ్చి ఇంట్లో దించాడు. మళ్లీ మళ్లీ క్షమాపణ చెప్పి, "ఇది తెలిసినవాడు ఊళ్లో ఒక్కడే ఉన్నాడట, ముసలి యాప్. కానీ ఆయన పని మానేసి, ఎవరినీ కలవడంలేదట" అన్నాడు.

యాప్ కిమ్ స్వీ ఒకప్పుడు అస్సాం కుంబాంగ్ వీధిలో బండ్ల వైరింగు దుకాణం నడిపేవాడు. జైనీకి బాగా తెలిసినవాడు. నాలుగైదేళ్లుగా దుకాణం మూసి, వెనక ఇంట్లోనే ఉంటున్నాడు. సలసియా వెళ్లి ఇనుప గేటు తట్టింది. చాలాసేపటికి తలుపు ఓరగా తెరుచుకుంది.

"ఎవరు? మిస్సీయా?" అన్నాడు ముసలాయన. పాతకాలం వాళ్లు నర్సులను మిస్సీ అనే పిలుస్తారు. "ఇక్కడ కనేవాళ్లెవరూ లేరే!"

"కారు చచ్చిపోయింది అంకుల్. బతికిస్తారేమోనని వచ్చాను."

ఆయన జరిగింది విన్నాడు. గేటు ఊచలను రెండు చేతులతో పట్టుకునే విన్నాడు. ఎందుకు పట్టుకున్నాడో సలసియాకు క్షణంలో అర్థమైంది. ఊచలు సన్నగా గలగలమంటున్నాయి.

"ఆ పిల్లవాడి తప్పేం లేదు" అన్నాడు యాప్. "ఇప్పటి బండ్లన్నిటికీ మైనస్ కొసను ఇనుప ఒంటికి కడతారు. నీ కారు పుట్టిన రోజుల్లో ప్లస్‌ను ఒంటికి కట్టేవాళ్లు. అంటే నీ కారు ఒళ్లంతా ప్లస్సే. సెట్టు డబ్బా ఏమో మైనస్. రెండింటినీ కలిపి మర బిగిస్తే ఏమవుతుంది? పెళ్లాం, ఉంపుడుగత్తె ఒకే గదిలో కూర్చున్నట్టు అవుతుంది."

"మరి బాగుచెయ్యండి."

"వీటితోనా?" అని ఆయన ఊచలు వదిలి చేతులు చూపించాడు. రెండూ గాలికి ఆకుల్లా వణుకుతున్నాయి. "కాఫీ కప్పు నోటిదాకా వచ్చేసరికి సగం చొక్కా తాగుతోంది. తీగలెలా పట్టుకోను?"

సలసియా తన చేతులు ముందుకు చాపింది. "ఇవున్నాయిగా. మీరు చెప్పండి, ఇవి చేస్తాయి."

ముసలాయన ఆ చేతులను ఎగాదిగా చూశాడు. "గోళ్లు కత్తిరించుకుని రా" అని తలుపు వేసుకున్నాడు.

ఫౌజీయే మళ్లీ కారును లాక్కొచ్చి యాప్ ఇంటి ముందు పందిరి కింద పెట్టాడు. సలసియా రోజూ మధ్యాహ్నం నమాజు అయ్యాక వెళ్లేది. మా ఊళ్లో ఆ వేళకు వాన తప్పదు. రేకుల మీద వాన మోగుతుంటే ఆమె కారు ముందు సీట్లు తీసేసి, వెల్లకిలా పడుకుని తల పలక కిందకు దూర్చేది. ఆయన స్టూలు మీద కూర్చుని టార్చి వేసేవాడు. టార్చి వెలుగు ఒకచోట నిలిచేది కాదు. రెండో రోజు ఆమె టార్చిని స్టీరింగుకు గుడ్డపేలికతో కట్టేసింది. ఆయన స్టూలు ఇంకాస్త దగ్గరకు జరుపుకున్నాడు.

ఆమెకు టీ ఇవ్వడానికి ఆయన ప్రత్యేకంగా కొత్త కెటిలు, కొత్త కప్పు కొని, వాటి మీద అంగడి చీటీలు చింపకుండా అలాగే ఉంచాడు. తన వంటింట్లో పంది మాంసం వండుతారు కాబట్టి ఆమెకు అనుమానం రాకూడదని. "చీటీ చూసుకో మిస్సీ, నిన్ననే కొన్నాను" అనేవాడు. ఆమె ఇంటినుంచి వేయించిన అరటికాయ ముక్కలు తెచ్చేది. టీ తాగే వేళకు ఆయన మొహం తిప్పుకునేవాడు, తన కప్పు ముట్టుకునేవాడు కాదు. ఒకరోజు ఆమె మూతకు గొట్టం ఉన్న పెద్ద కప్పు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఇది చిన్నపిల్లలది" అన్నాడాయన ఉక్రోషంగా.

"కాదు, ఆఫీసుకెళ్లే ఆడపిల్లలందరూ దీనితోనే తాగుతున్నారు. మీరే వెనకబడ్డారు."

వానవైపు తిరిగి, గొట్టం నోట్లో పెట్టుకున్నాడు. మర్నాడు, "ఆ ఆఫీసు ఆడపిల్లలకు తెలివుంది" అన్నాడు.

కాలిపోయిన తీగలను ఒక్కొక్కటిగా తీసి, అదే రంగుది వేయాలి. గోధుమరంగు తీగ బ్యాటరీ నుంచి వచ్చేది. తెల్లది తాళం తిప్పితే ప్రాణం పోసుకునేది. ఆకుపచ్చది ఫ్యూజు దాటి వచ్చేది. నూలు తొడుగు ఉన్న తీగలు ఆయన దగ్గర చుట్టలు చుట్టలుగా ఉన్నాయి. దుకాణం మూసినా వాటిని పారేయడానికి మనసొప్పలేదట. కష్టమంతా తీగలను సీసంతో అతికే సోల్డరింగ్ దగ్గరే వచ్చింది.

"ఏంటి మిస్సీ అది? సీసాన్ని రొట్టె మీద వెన్న పూసినట్టు పూస్తున్నావు! ముందు తీగ వేడెక్కాలి. తీగ వేడికి సీసం దానంతటదే కరిగి లోపలికి పారాలి. ఇదేనా నువ్వు కుట్లు వేసే చెయ్యి? పాపం ఆ ఆడవాళ్లు."

"ఆడవాళ్లు మీకంటే తక్కువే అరిచారు."

"నేనైతే లేచి పారిపోయేవాణ్ని."

మూడు నాలుగు రోజులకు ఆమె చెయ్యి కుదిరింది. ఆయన అతుకును పట్టి లాగి చూసి, ఏమీ అనకుండా రెండోదానికి వెళ్లేవాడు. ఏమీ అనకపోవడమే ఆయన మెచ్చుకోలు.

పాత తీగలన్నీ ముగిశాక బ్యాటరీ కలిపారు. దీపాలు వెలిగాయి, హారన్ మోగింది, ఇంజను స్టార్టయింది. సలసియా ఆనందంగా మలుపు చూపే ఎడమవైపు మీట నొక్కింది. కుడివైపు స్తంభంలోంచి రేకు చెయ్యి లేచింది. కుడివైపు నొక్కితే ఎడమది లేచింది.

కారు వెనక నిలబడ్డ యాప్ అటూ ఇటూ మార్చి మార్చి చూశాడు. తర్వాత నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకున్నాడు. "చెప్పేదొకటి, తిరిగేదొకటి. మిస్సీ, నీ కారు ఎన్నికల్లో నిలబడొచ్చు!"

పక్కింటివాళ్లు తలుపులు తీసి చూశారు. చాలా ఏళ్లుగా ఆ ముసలాయన నవ్వు వాళ్లు విని ఎరగరు. రెండు తీగలు మార్చేసరికి చేతులు సరైన వైపు లేవసాగాయి.

ఇక మిగిలింది పాటల సెట్టు. సలసియాకు భయం పట్టుకుంది. "వద్దులెండి అంకుల్. ఇంత కష్టపడి బతికించాం. మర్జానా శవం బండి అనుకుంటే అనుకోనీ" అంది.

"రెండు దారులున్నాయి" అన్నాడు యాప్. "మొదటిది, కారును తిరగెయ్యడం. ప్లస్ ఉన్నచోట మైనస్ కట్టి, డైనమోకు కొత్త దిక్కు అలవాటు చెయ్యడం. చాలామంది అదే చేస్తారు. తప్పేం లేదు. నేనూ చాలావాటికి చేశాను."

"రెండోది?"

"సెట్టును కారుకు కట్టకుండా ఉండటం. చుట్టమై రావాలి, ఇంటివాళ్ల వంటింట్లోకి పోకూడదు."

ఆమె రెండోదే కావాలంది. జైనీ బిగించినవి బిగించినట్టే ఉండాలని ఆమె కోరిక. ఆయన చెప్పిన పద్ధతిలో ఆమె వెనక సీటు కింద పట్టే చెక్క పెట్టె వడ్రంగితో చేయించింది. అందులో విడిగా ఒక చిన్న బ్యాటరీ, అరచేతిలో పట్టే ఆంప్లిఫయరు. ఫోను నుంచి గాలిలోనే పాటందుకునే బ్లూటూత్ డబ్బీ దాని పక్కన. స్పీకర్లు రెండూ వెనక అద్దం కింది అరమీద మరో చెక్క పెట్టెలో. ఏ ఇనుమూ కారు ఇనుమును తాకకుండా అడుగున రబ్బరు పలకలు. కారులో ఒక్క రంధ్రం వేయలేదు, ఒక్క తీగ తెంచలేదు. బ్యాటరీ దిగిపోతే పెట్టె తీసి ఇంట్లో ప్లగ్గుకు తగిలించుకోవడమే. ఆ సామాను ఫౌజీ తెచ్చిచ్చాడు, ఏది దేనికి కలపాలో చూపించాడు. ఆ కొత్త డబ్బీ భాష యాప్‌కు తెలియదు. ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని చాలాసేపు మాట్లాడుకున్నారు.

ఇంజను ఆపి ఉన్నప్పుడు పాట తేనెలా వచ్చింది. ఇంజను వేయగానే పాట వెనక టికటికమని చప్పుడు. "నాకేం వినపడట్లేదే" అన్నాడు యాప్. సలసియా, ఫౌజీ ఒకేసారి "మాకు వినపడుతోంది" అన్నారు. ఇంజనులో నిప్పురవ్వ ఎగిరినప్పుడల్లా అది స్పీకర్లలో పలుకుతోందని ముసలాయన గ్రహించి, స్పార్క్ ప్లగ్గుల మూతలు మార్పించాడు. పెట్టెను కాస్త పక్కకు జరిపించాడు. చప్పుడు పోయింది.

పెళ్లిరోజు పొద్దున వాన లేదు. సలసియా యాప్‌ను ముందు సీట్లో కూర్చోమంది. ఆయన రానన్నాడు, ఇంతమందిలో ఈ చేతులేసుకుని ఎక్కడికి వస్తానన్నాడు. "దారిలో ఏదైనా పొగ వస్తే ఎవరిని అడగను?" అందామె. ఆ మాట అడ్డం పెట్టుకుని ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో స్క్రూడ్రైవరు పెట్టుకుని ఎక్కాడు.

వెనక మర్జానా, పెళ్లికొడుకు హజ్మీ. ఇద్దరిదీ ఒకే రంగు పట్టుబట్ట. నేను వెనక కారులో ఉన్నాను. అద్దాలన్నీ దించిన మారిస్‌లోంచి పాట మెత్తగా వీధిలోకి వస్తోంది. అంగళ్లవాళ్లు బయటికొచ్చి చేతులూపుతున్నారు. హాలు వీధి మలుపు తిరిగేసరికి హజ్మీ తరఫు చుట్టాలు ఎదురొచ్చి కారు పక్కనే నడవసాగారు. వాళ్లలో అందరికంటే ముందున్నది హజ్మీ పెద్దమామ బహారిన్. భారీ మనిషి. హాలు దగ్గర డప్పులవాళ్లు ఇంకా వరస కడుతున్నారు.

సరిగ్గా అప్పుడు పాట ఆగింది. మర్జానా ఫోను మోగింది. ఆమె కంగారులో ఏది నొక్కిందో, తల్లి రోస్మా గొంతు స్పీకర్లలోంచి కారంతా నిండి వీధిలోకి పొంగింది.

"మర్జానా! ఎక్కడున్నారే? అప్పుడే రాకండి! మాంసం కూర సగం గిన్నె ఖాళీ! రెండోది పొయ్యి మీద ఉడుకుతోంది. ఆ పెళ్లికొడుకు మామ ఉన్నాడే, ఆ లావాటాయన, వచ్చీరాగానే రెండుసార్లు భోజనానికి కూర్చున్నాడు! ఇంకోసారి కూర్చుంటే హజ్మీ నాన్నకి ఎముకలే!"

వీధి వీధంతా ఆగిపోయింది. మర్జానా ఫోనును పట్టుకోబోయి ఒళ్లోని పూలలో పడేసుకుంది. హజ్మీ తలపాగా కిందకు దాక్కున్నంత పని చేశాడు. సలసియా రెండు చేతులూ స్టీరింగు మీదే పెట్టి సూటిగా ముందుకే చూస్తోంది.

బహారిన్ కారు కిటికీ దగ్గరకు వంగాడు. "అక్కా!" అన్నాడు గట్టిగా. "నేనే, ఆ లావాటాయన్ని! కూర అంత బాగా చేస్తే తప్పెవరిది? మూడోసారికి రెండో గిన్నె దిగేదాకా ఆగుతాను, కంగారు పడకండి!"

అటువైపు నుంచి "అల్లా!" అన్న కేక, గరిటె కిందపడ్డ చప్పుడు. నవ్వులతో వీధి దద్దరిల్లింది. నవ్వు ఆపుకోలేక డప్పులవాళ్లు కట్టిన వరస చెదరగొట్టుకున్నారు.

"సరే, కూర ఉడకాలిగా. ఒక చుట్టు తిరిగొద్దాం" అని సలసియా కారు మళ్లించింది. ఎడమవైపు రేకు చెయ్యి లేచింది, కారు ఎడమవైపే తిరిగింది. చెరువు తోట చుట్టూ నీళ్లమీదికి వంగిన చెట్ల కిందుగా నెమ్మదిగా పోనిచ్చింది. పాట మళ్లీ మొదలైంది. మర్జానా నవ్వీ నవ్వీ కళ్ల కాటుక కరిగించుకుంది.

"మక్చిక్, నేను పుట్టినప్పుడు కూడా అమ్మ ఇలాగే అరిచిందా?"

"ఇంకా గట్టిగా. గేటు కాపలావాడు రైలు కూత అనుకున్నాడు."

యాప్ భుజాలు కదిలేలా నవ్వాడు. హాల్లో ఆయన్ను సలసియా తన పక్కనే కూర్చోబెట్టుకుంది. చేత్తో అన్నం తినే పంక్తిలో నాలుగు మెతుకులు ఒళ్లో పడితే ఎవరికి పట్టింది? ఎదురుగా కూర్చున్న బహారిన్ యాప్ పళ్లెంలో తనే కూర వడ్డించాడు. "పెద్దాయనా, తొందరగా తినండి, రోస్మా అక్క లెక్కపెడుతోంది" అన్నాడు.

ఆ తర్వాత పాత కార్లవాళ్లు ఒకరొకరే ఆ పందిరి కిందకు రావడం మొదలెట్టారు. ఫౌజీ తన దగ్గరకొచ్చిన పాత బండ్లను అక్కడికే పంపేవాడు. వారానికి రెండు మధ్యాహ్నాలు సలసియా పలక కింద, యాప్ స్టూలు మీద. ఆయన పొద్దున్నే కాఫీ అంగడికి కూడా వెళ్లసాగాడు. జబ్బు మాత్రం ఆగలేదు. చేతుల తర్వాత గొంతు సన్నగిల్లింది. ఇప్పుడు దగ్గరగా వంగితేగాని మాట వినపడదు. సలసియాకు అదీ అలవాటైపోయింది. నొప్పుల మధ్య మూలిగే ఆడవాళ్ల మాటలు ఎన్ని పట్టుకోలేదు!

మొన్న పారిత్ బుంతార్ నుంచి ఒకతను ఆస్టిన్ కారు తెచ్చాడు. డిక్కీ నిండా పట్టే స్పీకర్లు కావాలన్నాడు. రెండు వీధుల అవతలికి వినపడాలట. యాప్ పెదవులు కదిపాడు. సలసియా చెవి ఒగ్గి విని, నడుం నిటారుగా చేసి మొదలెట్టింది.

"అంకుల్ ఏమంటున్నారంటే, ఈ కారు డైనమో ముసలిది, నీ ఆశను మొయ్యలేదు. విడిగా బ్యాటరీ పెట్టుకో, చిన్న స్పీకర్లు పెట్టుకో. నువ్వు వింటే చాలదా, పక్క వీధివాళ్లు నీకేం అపకారం చేశారు? ముందు ఆ ఫ్యూజు పెట్టె శుభ్రం చేయించు, ఆ తుప్పు చూస్తే నీకే సిగ్గేస్తుంది. ఇంకా..."

యాప్ ఆమె చొక్కా అంచు పట్టి లాగాడు. ఆమె వంగింది.

"నేను 'వద్దు' అన్నానంతే" అన్నాడాయన.

"నేనూ అదే చెప్పాను" అంది సలసియా. గోళ్లు చూసుకుంటూ ఆస్టిన్ తలుపు తెరిచింది.